ఇంజక్షన్ వేయడం త్వరగానే వస్తుంది, నాలుగేళ్లు పట్టేది వేరే

మీ మేనకోడలు ఇంటర్ బైపీసీ అయిపోయి, నీట్‌లో సీటు రాక, బీఎస్సీ నర్సింగ్‌లో చేరతానంటోందని రాశారు. ఇంజక్షన్లు వేయడానికి, సెలైన్ పెట్టడానికి నాలుగేళ్లు ఎందుకు, అసలు ఏం నేర్పుతారు అని అడిగారు. నేను చదివింది అదే కోర్సు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2012లో చేరి 2016లో పూర్తి చేశాను. అప్పటి నుంచి హైదరాబాద్‌లో ఐసీయూలోనే పని చేస్తున్నాను.

ఇంజక్షన్ వేయడం నిజంగానే త్వరగా వచ్చేస్తుందండి. ముందు డమ్మీ మీద, తర్వాత ట్యూటర్ మేడమ్ పక్కన నిలబడి ఉండగా పేషెంట్ మీద చేస్తాం. కొన్ని వారాల్లో చెయ్యి వణకడం తగ్గిపోతుంది. నాలుగేళ్లు పట్టేది, మంచం మీదున్న మనిషిలో ఏం మారుతోందో కనిపెట్టడానికి. డాక్టరు రౌండ్స్‌కి వచ్చి కొద్ది నిమిషాలు చూసి వెళ్తారు. షిఫ్టు అంతా ఆ మనిషి దగ్గరుండేది నర్సు. మార్పు ముందుగా ఆమె కంటనే పడాలి, పడ్డాక దాన్ని సరిగ్గా చెప్పగలగాలి.

ఇది నాకు ఎలా అర్థమైందో చెప్తాను. సెకండియర్‌లో మేల్ మెడికల్ వార్డులో పోస్టింగ్. పొద్దున్నే అందరికీ జ్వరం, నాడి, ఊపిరి, బీపీ చూసి చార్టులో రాయాలి. ఊపిరి లెక్కపెట్టడానికి మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. లెక్కపెడుతున్నామని పేషెంట్‌కి తెలిస్తే తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. అందుకని నాడి చూడటం అయిపోయాక కూడా చెయ్యి వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు ఉండి, ఛాతీ ఎన్నిసార్లు లేచిందో నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకి 12 నుంచి 20 దాకా మామూలు. ఆ రోజు నాకు పన్నెండు మంది పేషెంట్లు. చార్టుల్లో అందరికీ ముందు షిఫ్టు వాళ్లు 20 అని రాసి ఉంది. నేనూ లెక్కపెట్టకుండా 20 అని రాసుకుంటూ పోయాను.

మేడమ్ వచ్చి చార్టులు తిరగేసి, జ్వరంతో చేరిన ఒక పెద్దాయన మంచం దగ్గర ఆగారు. "నా ముందు మళ్లీ లెక్కపెట్టమ్మా" అన్నారు. లెక్కపెడితే 34 వచ్చింది. వేలికి మెషీన్ పెడితే ఆక్సిజన్ 88 శాతమే. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, పక్క మంచం ఆయనతో వాళ్ల ఊరి చెరువు గురించి చెప్తున్నాడు. కాకపోతే నాలుగు మాటలకోసారి ఆగుతున్నాడు. అది నేను విన్నాను, కానీ పట్టించుకోలేదు. మేడమ్ తలవైపు మంచం ఎత్తించి, ఆక్సిజన్ పెట్టించి, డ్యూటీ డాక్టర్‌ని పిలిపించారు. న్యుమోనియా అన్నారు. సాయంత్రానికి ఐసీయూకి మార్చారు. పది రోజులకి నడిచి ఇంటికెళ్లాడు. మేడమ్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ నెలంతా రోజూ నాతోనే వార్డు మొత్తానికి ఊపిరి లెక్క రాయించారు. ఒంట్లో తేడా వచ్చినప్పుడు బీపీ పడిపోవడం కంటే ముందే చాలాసార్లు ఊపిరి వేగం పెరుగుతుంది. పుస్తకంలో ఒక లైనుగా ఉన్న ఈ విషయం నాకు ఆ పెద్దాయన ద్వారా తెలిసింది. ఇప్పటికీ నేను ఊపిరి లెక్కపెట్టకుండా రాయను.

ఇక సిలబస్ విషయం. మాకు సంవత్సరానికోసారి పరీక్షలుండేవి, విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ మార్చాక, 2021-22 బ్యాచ్ నుంచి ఎనిమిది సెమిస్టర్లు అయ్యాయి, చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్. తెలంగాణ కాలేజీలు ఇప్పుడు వరంగల్ కాళోజీ యూనివర్సిటీ కిందికి వస్తాయి. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్, సైకాలజీ లాంటివి, వాటితోపాటు నర్సింగ్ ఫౌండేషన్స్. తెలుగు మీడియం పిల్లలకి కష్టమంతా ఇక్కడే. నేను మొదటి మూడు నెలలు రాత్రిళ్లు ఏడ్చాను. మా సీనియర్ అక్క ఒకామె ఒక చిట్కా చెప్పింది: పదాలు బట్టీ పట్టొద్దు, ముక్కలు చెయ్యి అని. 'టాకీ' అంటే వేగం, 'బ్రాడీ' అంటే నెమ్మది, 'హైపో' అంటే తక్కువ, 'హైపర్' అంటే ఎక్కువ. ఇలాంటి ముక్కలు ఒక యాభై వస్తే పుస్తకంలో సగం భయం పోతుంది. మీ అమ్మాయిది ఇంగ్లిష్ మీడియమైతే ఈ బాధ ఉండదు.

ఫౌండేషన్స్‌లో పక్క వేయడం, పేషెంట్ మంచం మీదే ఉండగా దుప్పటి మార్చడం, ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, నోరు శుభ్రం చేయడం నేర్పుతారు. చాలా ఇళ్లలో గొడవ ఇక్కడే మొదలవుతుంది. మా అమ్మమ్మ కూడా "ఇందుకా నిన్ను చదివించింది" అంది. మీ ఇంట్లోనూ ఎవరైనా ఆ మాట అంటే ఇది చెప్పండి: కదల్లేని మనిషికి ఒళ్లు తుడిచేటప్పుడే నర్సు ఆ ఒంటిని తల నుంచి పాదం దాకా చూస్తుంది. నడుము కింద ఎముక దగ్గర చర్మం ఎర్రగా ఉండి, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైందని అర్థం. అప్పుడే పట్టుకుని, కనీసం రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతూ ఉంటే చాలావరకు ఆపవచ్చు. వదిలేస్తే ఎముక దాకా పోతుంది. ఈ పనిని తక్కువగా చూసే వాళ్లంటే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

రెండో ఏడాది మందుల పాఠాలు. ఇక్కడ లెక్కలు వస్తాయి, బైపీసీ పిల్లలు లెక్కలకి దూరమని అనుకుంటారు కానీ తప్పించుకోలేరు. ఉదాహరణకి 500 ఎంఎల్ సెలైన్ ఆరు గంటల్లో వెళ్లాలి, సెలైన్ ఎక్కించే గొట్టం సెట్‌లో 20 చుక్కలు ఒక ఎంఎల్. అంటే మొత్తం 10,000 చుక్కలు, 360 నిమిషాలు, నిమిషానికి దాదాపు 28 చుక్కలు. గుండె బలహీనంగా ఉన్న మనిషికి అదే సీసా గంటలో పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఇన్సులిన్ ఇంకా జాగ్రత్త. మన దగ్గర బాటిల్ ఇన్సులిన్ ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లు ఉంటుంది, 100 యూనిట్లదీ ఉంది, దేని సిరంజి దానికే. తారుమారైతే డోసు రెండున్నర రెట్లు ఎక్కువో తక్కువో అయిపోతుంది. పొటాషియం క్లోరైడ్‌ని పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. డిగాక్సిన్ అనే గుండె మందు ఇచ్చే ముందు నాడి చూడాలి, పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే మందు ఆపి డాక్టరుకి చెప్పాలి. ఇవన్నీ తెలిసిన నర్సు, డాక్టరు రాసిన ఆర్డర్‌లోనే తేడా కనిపిస్తే "సార్, ఒకసారి మళ్లీ చూడండి" అని అడుగుతుంది. అలా అడగడం మన బాధ్యత అని మాకు క్లాసులో నేర్పారు. మొదటిసారి నిజంగా అడగడానికి మాత్రం నాకు ఉద్యోగంలో ఏడాది పట్టింది.

కేర్ ప్లాన్లు రాసి రాసి వేళ్లు నొప్పి పుడతాయి. డాక్టరు 'పక్షవాతం' అని రాస్తే, మనం ఆ మనిషికి మింగడం వస్తోందా, పొరపోతోందా, ఎటువైపు పడిపోయే ప్రమాదం ఉంది, మాట రాక కోపం వస్తోందా అని చూసి, ఒక్కోదానికి ఏం చేస్తామో, చేశాక ఏమైందో రాయాలి. చదివేటప్పుడు విసుగు. ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది, ఆలోచన ఆ వరసలోనే వస్తుంది.

మూడో ఏడాదిలో పిల్లల వార్డు, మానసిక వైద్యం. నేను మానసిక వైద్యం పోస్టింగ్‌కి విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్లాను. వెళ్లే ముందు చాలా టెన్షన్ పడ్డాను. అక్కడ మాకిచ్చిన పని ఏమిటంటే, ఒక పేషెంట్‌తో అరగంట మాట్లాడి, ఆయన అన్నదీ మనమన్నదీ మాట పొల్లుపోకుండా రాసి, మన మాటల్ని మనమే పరిశీలించుకోవడం. ఒకాయన "నా కోసం ఎవరూ రారు" అన్నాడు. నేను వెంటనే "అలా అనుకోకండి, తప్పకుండా వస్తారు" అన్నాను. మేడమ్ ఆ లైన్ కింద ఎర్ర గీత గీసి, "వస్తారని నీకెలా తెలుసు?" అని రాశారు. ఓదారుస్తున్నాననుకుని ఆయన మాటకి అడ్డం పడ్డాను. "ఎవరి కోసం ఎదురుచూస్తున్నారు?" అని అడిగి ఉంటే ఆయన ఇంకా చెప్పేవాడు. ఐసీయూ బయట కూర్చున్న కుటుంబాలతో మాట్లాడేటప్పుడు ఆ ఎర్ర గీత నాకు రోజూ గుర్తొస్తుంది.

ఊళ్లలో పోస్టింగ్ కూడా ఉంటుంది. పీహెచ్‌సీకి వెళ్లి, ఏఎన్ఎం అక్కలతో, ఆశా వర్కర్లతో ఇల్లిల్లూ తిరిగి, ఒక్కో కుటుంబం వివరాలు రాసుకుంటాం. టీకాలు ఎప్పుడేది, వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఎలా ఉంచాలి అన్నీ చేసి చూస్తాం. ఒక ఇంట్లో షుగర్ ఉన్న అవ్వ ఇన్సులిన్ బాటిల్‌ని పొయ్యి పక్కన గూట్లో పెట్టుకుంది. ఫ్రిజ్ లేదు. దాన్ని కవర్లో చుట్టి, నీళ్లున్న మట్టికుండలో చల్లగా ఉంచుకోమని చూపించాం. ఆసుపత్రిలో రాసిచ్చిన మందు ఇంటికెళ్లాక ఏమవుతుందో నాకు అక్కడే తెలిసింది.

నాలుగో ఏడాది లేబర్ రూమ్. మాకు కేస్ బుక్‌లో 20 సాధారణ కాన్పులు సొంతంగా చేసి సంతకం పెట్టించుకోవాలని ఉండేది. నా మొదటిది తెల్లవారుజామున. బిడ్డ బయటికి వచ్చి ఏడవగానే పని అయిపోయిందనుకున్నాను. సిస్టర్ నా చెయ్యి తీసుకుని తల్లి పొత్తికడుపు మీద పెట్టి "గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?" అని అడిగారు. కాన్పయ్యాక గర్భసంచి బంతిలా గట్టిపడాలి. మెత్తగా ఉంటే లోపల రక్తం పోతూనే ఉంటుంది, తల్లి నిమిషాల్లో చేయి దాటిపోతుంది. అందుకే బిడ్డ పుట్టిన నిమిషంలోపే గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ మందు 10 యూనిట్లు ఇవ్వడం, మాయ మొత్తం వచ్చిందో లేదో తిప్పి చూడటం, రెండు గంటలు అక్కడి నుంచి కదలకపోవడం నేర్పారు. ఆ ఇరవై కాన్పుల్లో నేను నేర్చుకున్నది ఇంకెక్కడా నేర్చుకోలేదు. కోర్సులో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజులు కూడా అవే. రీసెర్చ్, మేనేజ్‌మెంట్ కూడా ఆ ఏడాదే ఉండేవి, పరీక్షకి చదివాను, అంతే.

బాగోలేనివీ చెప్పాలి. నేను పోస్టింగ్ చేసిన ఒక ఆసుపత్రిలో స్టాఫ్ తక్కువ. విద్యార్థులతో రోజంతా ఫైళ్లు మోయించేవారు, శాంపిళ్లు ల్యాబ్‌కి పంపించేవారు. ఆరు వారాలు అలా పోయాయి. ఆ వారాల్లో నేను నేర్చుకోవాల్సింది తర్వాత ఉద్యోగంలో, భయపడుతూ నేర్చుకున్నాను. చదువు పూర్తయ్యాక ప్రైవేటులో మొదటి జీతాలు ఆ పనికి తగినట్టు ఉండవు. ప్రభుత్వ ఉద్యోగం కోసం, ఎయిమ్స్ వాళ్లు నర్సు ఉద్యోగాలకి పెట్టే నార్సెట్ పరీక్ష కోసం మా బ్యాచ్ వాళ్లు చాలామంది ఏళ్ల తరబడి చదివారు. కొందరు జర్మన్ నేర్చుకుని జర్మనీ వెళ్లారు.

అమ్మాయికి ఇష్టం ఉంటే చేర్పించండి. ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి ఇది అనుకుని వస్తే మాత్రం మొదటి పోస్టింగ్‌లోనే మనసు విరిగిపోతుంది, నా క్లాసులో ఇద్దరు అలాగే మానేశారు. చేరే ముందు ఒక రోజు కూర్చుని తనతోనే మాట్లాడండి. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడండి. సొంత ఆసుపత్రి ఉందా, అందులో మంచాలు ఖాళీగా ఉన్నాయా నిండి ఉన్నాయా అని మీరే మధ్యాహ్నం పూట వెళ్లి చూసి రండి. బిల్డింగు, బస్సులు, హాస్టల్ భోజనం చూసి నిర్ణయించొద్దు. వీలైతే గేటు దగ్గర ఫైనలియర్ అమ్మాయి ఎవరినైనా పలకరించి, కేస్ బుక్‌లో ఉన్న కాన్పుల్లో తను చేతులతో చేసినవి ఎన్ని, పక్కన నిలబడి చూసి రాసుకున్నవి ఎన్ని అని అడగండి.