స్లాబ్ పెచ్చులు ఊడి మంచం మీద పడ్డయి, ఓనరేమో ఇష్టముంటే ఉండమంటున్నడు

ప్రశ్న: అక్కా నమస్తే. మేం చిక్కడపల్లిల ఒక పాత బిల్డింగ్‌ల రెండో ఫ్లోర్‌ల కిరాయికుంటున్నం, నాలుగేళ్లయింది. కిరాయి 11,000, అడ్వాన్స్ 22,000 ఇచ్చినం. పోయిన నెల వానలప్పుడు బెడ్రూం స్లాబ్ నుంచి పెచ్చులు ఊడి మంచం మీద పడ్డయి, పొద్దున పదకొండింటికి కాబట్టి సరిపోయింది, పిల్లలు స్కూల్ల ఉన్నరు, రాత్రైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నయి. మా చిన్నోడు సరిగ్గ ఆ మూలకే పడుకుంటడు. ఇప్పుడు అక్కడ సలాకలు కనబడుతున్నయి, తుప్పు పట్టి ఎర్రగ అయినయి. పై పోర్షన్ వాళ్ల బాత్రూం సరిగ్గ మా బెడ్రూం మీదనే, ఎప్పటినుంచో చెమ్మ దిగుతుంది. ఓనర్‌కి చెప్తే మేస్త్రిని పంపిచ్చి సిమెంట్ పూయించి పుట్టీ కొట్టిచ్చిండు, ఇరవై రోజులకి పక్కనే ఇంకో చోట ఊడింది. దీనికి తోడు బాత్రూంల నల్లా పట్టుకుంటే జివ్వుమంటది, గీజర్ వేసినప్పుడు ఇంకా ఎక్కువ. మళ్ల ఫోన్ చేస్తే "పాత బిల్డింగ్ అంటే అట్లనే ఉంటది, ఇష్టముంటే ఉండున్రి లేకుంటే ఖాళీ చెయ్యున్రి" అన్నడు. అగ్రిమెంట్ 11 నెలలది, ఎప్పుడో అయిపోయింది, మళ్ల రాసుకోలే. మా మరిది కిరాయి ఆపెయ్యమంటున్నడు, మా ఆయనేమో గొడవ ఎందుకంటున్నరు. పిల్లల స్కూల్ నడిచిపోయేంత దూరం, ఈ కిరాయికి ఈ ఏరియాల ఇంకో ఇల్లు దొరుకుతలేదు. ఏం చెయ్యాలె అక్కా?

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం పత్రికలో వచ్చేదాకా ఆగడం నా వల్ల కాలేదు, అందుకే చదివిన రోజే ఫోన్ చేసి మంచం జరపమన్నా, గీజర్ స్విచ్ కాదు, బోర్డులో దాని ఎంసీబీనే (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్) దించేయమన్నా. ఆ రెండూ చేశావు కాబట్టి మిగతాది ఇప్పుడు వివరంగా రాస్తున్నా, వానాకాలం వస్తే చాలు ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తాయి, మిగతావాళ్లకీ పనికొస్తుంది. నేను సివిల్ ఇంజనీర్ని, కట్టడం సంగతి నాకు తెలిసింది చెప్తా, చట్టం సంగతి మాత్రం అద్దె కేసులు చూసే లాయర్ స్నేహితురాలిని కూర్చోబెట్టి అడిగి రాశా.

ముందు ఆ స్లాబ్ ఎందుకు ఊడుతోందో తెలుసుకో, అప్పుడు ఓనర్‌తో ఏం అడగాలో నీకే తెలుస్తుంది. స్లాబ్‌లో సలాక కింద కాంక్రీట్ మందం 15, 20 మిల్లీమీటర్లే ఉంటుంది, అంటే మన వేలంత. పై బాత్రూం నీళ్లు ఏళ్ల తరబడి అందులోకి దిగితే సలాక తుప్పు పడుతుంది, తుప్పు అసలు ఇనుము కన్నా రెండు రెట్లకి పైనే చోటు తీసుకుంటుంది, లోపల్నుంచి ఉబ్బి కింద ఉన్న కాంక్రీట్‌ని తోసేస్తుంది. నీ మంచం మీద పడింది అదే. ఇప్పుడు దాని మీద సిమెంట్ పూసి పుట్టీ కొడితే తుప్పు ఆగదు, నీళ్లు ఆగవు, పైగా ఎంతవరకు పాకిందో కనపడకుండా పోతుంది, ఆ కొత్త సిమెంట్ బరువు కూడా అదే కుళ్లిన చోటుకి వేలాడుతుంది. ఇరవై రోజులకే పక్కన ఊడిందంటే నాకేం ఆశ్చర్యం లేదు. అసలు రిపేరు పైనుంచి మొదలవ్వాలి, ముందు పై బాత్రూం లీకు ఆపాలి, తర్వాత కింద వదులైందంతా చెక్కేసి, సలాక తుప్పు వైరు బ్రష్‌తో గీకి, తుప్పు పట్టకుండా కోటింగ్ ఇచ్చి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపాలి, సలాక బాగా సన్నబడితే పక్కన కొత్త సలాక కట్టాలి. ఒక పూటలో అయ్యే పని కాదు కాబట్టి ఓనర్ "రేపు మేస్త్రిని పంపిస్తా" అంటే ఏం పని చేయిస్తారో అడుగు.

ఎంత మేర పాడైందో తెలియాలంటే మేస్త్రిని ఒక పొడుగు కర్ర పట్టుకుని, తను పక్కకి నిలబడి, స్లాబ్ అంతా మెల్లగా కొట్టి చూడమను. గట్టిగా ఉన్న చోట ఠంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డబడబమంటుంది. డబడబమన్నంత మేర చాక్‌పీస్‌తో గీత గీయించు, ఫోటో తియ్యి. ఆ గీత గదిలో సగం దాటితే ఆ గదికి తాళం వేసి వాడటం మానెయ్, పిల్లలూ మీరూ హాల్లో ఇరుక్కుని పడుకున్నా పర్లేదు. పై పోర్షన్ వాళ్లని కూడా కాస్త బతిమాలి ఆ బాత్రూం కొన్నాళ్లు వాడొద్దని చెప్పు. సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చేవాళ్ల దగ్గర స్లాబ్ కింద ఆసరాగా నిలబెట్టే జాకీలు దొరుకుతాయి, మేస్త్రి చేత రెండు మూడు పెట్టిస్తే రిపేరు అయ్యేదాకా కొంత ధైర్యం.

పెచ్చులు ఊడటం ఒక రకం, బీములో పగుళ్లు ఇంకో రకం, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. గోడ ప్లాస్టరింగ్ మీద వెంట్రుక మందం గీతలు ప్రతి ఇంట్లో ఉంటాయి. కానీ బీము చివర్లలో, పిల్లరుకి కలిసే చోట ఏటవాలుగా పగులు వచ్చినా, పిల్లరు నిలువునా చీలినా, నిన్నటిదాకా బాగా పడిన తలుపు ఈరోజు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, రాత్రిపూట చిటపటమని శబ్దం వచ్చి ఇసుక రాలుతున్నా, ఓనర్‌కి ఫోన్ చేస్తూ కూర్చోకుండా పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకుని బయటికొచ్చెయ్, పై కింద పోర్షన్ల తలుపులు కొట్టు, బయటికొచ్చాక 112కి చెయ్. సందేహంగా ఉన్న పగులైతే రెండు చివర్లా పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయి, వారానికోసారి చూడు, గీత దాటి పెరిగితే అది బతికున్న పగులే.

ఇక నల్లా జివ్వుమనడం. నిజం చెప్పాలంటే స్లాబ్ కన్నా నాకు దీనికే ఎక్కువ భయమేసింది. తడి ఒళ్లు, తడి నేల, ఇనుప నల్లా, ఈ మూడూ ఉన్న చోట జివ్వుమనడం ఒకరోజు జివ్వుమనడంతో ఆగదు. మామూలుగా గీజర్ ఎలిమెంట్ పాడై కరెంటు నీళ్లలోకి లీకవుతుంది, ఎర్తింగ్ బాగుంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మన ఒంట్లోంచి పోతుంది. పాత ఇళ్లల్లో ఎర్త్ వైరు అసలు ఉండదు, లేకపోతే దాన్ని తీసుకెళ్లి నీళ్ల పైపుకే చుట్టేస్తారు, అప్పుడు మొత్తం బిల్డింగ్ నల్లాలన్నీ కరెంటు తీగలే. మీ మెయిన్ మొత్తం ఆఫ్ చేశాక కూడా ఎలక్ట్రీషియన్ టెస్టర్ నల్లా మీద వెలుగుతోందంటే లీకు మీ ఇంట్లోది కాదు, పక్క పోర్షన్‌దో మోటర్‌దో అయ్యుంటుంది, అప్పుడు ఓనర్ చేత బిల్డింగ్ అంతా చూపించాలి, మీటరు దగ్గరో స్తంభం నుంచి వచ్చే వైరులోనో తేడా అనిపిస్తే 1912కి కంప్లైంట్ ఇవ్వాలి.

ఇక్కడ ఒక పని ఓనర్ కోసం ఆగకుండా నువ్వే చేయించు, ఆర్‌సీసీబీ అని ఒకటుంటుంది, 30 మిల్లీ ఆంప్స్‌ది, రెండు వేల చుట్టుపక్కల అవుతుంది, కరెంటు కాస్త పక్కదారి పట్టినా వెంటనే సప్లై కట్ చేసేస్తుంది. చాలామంది "మాకు ఎంసీబీ ఉందిగా" అంటారు, ఎంసీబీ వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. అది పెట్టించినా ఎర్తింగ్ మాత్రం వేయించాల్సిందే. రెండూ అయ్యేదాకా గీజర్ ముట్టుకోకు, పొయ్యి మీద నీళ్లు కాచుకోండి.

ఇప్పుడు ఓనర్ సంగతి. పెళ్లైన కొత్తలో నేను అద్దెకున్న ఇంట్లో వంటింటి సజ్జ ఊడి పడింది, ఓనర్‌కి నాలుగుసార్లు నోటిమాటగా చెప్పా, చివరికి ఖాళీ చేసే రోజు ఆ సజ్జ ఖర్చు నా అడ్వాన్స్‌లోంచే కోసుకున్నారు, చెప్పానని చూపించడానికి నా దగ్గర ఒక్క ముక్క కాగితం లేదు. అందుకే ఎవరడిగినా ముందు రాయమనే చెప్తా. ఫోన్లో అరుచుకోవడం ఆపి ఈరోజే వాట్సాప్‌లో మర్యాదగా రాయి, ఏ తేదీన ఏం పడింది, మేస్త్రి ఎప్పుడొచ్చాడు, మళ్లీ ఎప్పుడు ఊడింది, నల్లా షాక్ కొడుతోంది, ఇంట్లో పిల్లలున్నారు, ఫలానా తేదీలోగా బాగుచేయించండి అని, ఫోటోలు పెట్టి. అదే మళ్లీ కాగితం మీద రాసి పోస్టాఫీసు నుంచి, అందినట్టు రుజువు అడిగి, స్పీడ్ పోస్ట్ చెయ్, రసీదు దాచు. ఆయన "సరే చేయిస్తా" అని ఒక్క మెసేజ్ పెట్టినా అది నీకు బలమే.

మీ మరిది మాట మాత్రం వినకు. కిరాయి ఆపేస్తే అప్పటిదాకా ఆయన తప్పున్న చోట నీ తప్పు కనపడుతుంది, ఖాళీ చేయించడానికి ఆయనకి సాకు దొరుకుతుంది. ప్రతి నెలా బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో కట్టు, చేతికి నోట్లు ఇవ్వకు. అయితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది, ఓనర్ చేయించాల్సిన రిపేరు ఆయనకి చెప్పినా తగిన టైంలో చేయించకపోతే అద్దెకున్నవాళ్లే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా కిరాయిలో తగ్గించుకోవచ్చు. ఇందులో "ఓనర్ చేయించాల్సిన" అనే మాట దగ్గరే పేచీ, అది ఎక్కువగా అగ్రిమెంట్‌ని బట్టి ఉంటుంది. నీ పాత అగ్రిమెంట్ తీసి "మేజర్ రిపేర్లు యజమానివి" అనే లైను ఉందేమో చూడు. ఉంటే గీజర్, ఎర్తింగ్ లాంటి చిన్న ఖర్చులు ముందే రాసి చెప్పి, బిల్లులు పెట్టి తగ్గించుకోవచ్చు, స్లాబ్ లాంటి పెద్ద పని మాత్రం నీ డబ్బుతో మొదలుపెట్టొద్దు, ఆయన ఇంటికి లక్షలు పెట్టి కోర్టు చుట్టూ తిరగాల్సొస్తుంది.

రెంట్ కంట్రోలర్, అంటే అద్దె తగాదాలు చూసే అధికారి దగ్గరికి పొమ్మని నీకు పదిమంది చెప్పే ఉంటారు. 1960 అద్దె చట్టం కిందకి, 2005 సవరణ తర్వాత, కార్పొరేషన్ ఏరియాలో నెల కిరాయి 3,500 దాటిన ఇళ్లు రావు, నీది 11,000, కాబట్టి అక్కడ తిరిగి చెప్పులు అరగదీసుకోకు. కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం తెచ్చింది, అందులో కట్టడానికి సంబంధించిన రిపేర్లు, వైరింగ్ ఓనర్ పని అని రాశారు, కానీ అది రాష్ట్రం తీసుకుంటేనే అమలు. నీకు దగ్గర దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేస్తే చెప్తారు, లోక్ అదాలత్‌లో ఓనర్ని పిలిపించి మాట్లాడిస్తారు కూడా.

జీహెచ్ఎంసీకి కంప్లైంట్ ఇవ్వాలా? సర్కిల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్లకి రాసివ్వొచ్చు, 1955 నాటి జీహెచ్ఎంసీ చట్టం 456వ సెక్షన్ కింద పడిపోయేలా ఉన్న కట్టడాన్ని బాగుచేయమనో తీసేయమనో ఓనర్‌కి నోటీసు ఇచ్చే అధికారం వాళ్లకుంది. కానీ ఇది చేసే ముందు ఒక మాట ఆలోచించుకో, వాళ్లొచ్చి బిల్డింగ్ మొత్తం ప్రమాదకరం అని తేలిస్తే అందర్నీ ఖాళీ చేయిస్తారు, నీతో పాటు మిగతా పోర్షన్లు కూడా. బీముల్లో పగుళ్లుంటే ఆ ఆలోచనేం పెట్టుకోకుండా వెళ్లు, ప్రాణాలు ముఖ్యం. పెచ్చుల వరకే అయితే ముందు ఓనర్‌కి రాతపూర్వకంగా ఒక గడువు ఇచ్చి చూడు.

ఆయన కోపంతో ఖాళీ చేయమంటే? అగ్రిమెంట్ అయిపోయి నెలనెలా ఉంటున్నారు కాబట్టి 15 రోజుల నోటీసు ఇచ్చే హక్కు ఆయనకుంది, ఇది దాచిపెట్టి నిన్ను ఎగదోయడం నాకిష్టం లేదు. కానీ నోటీసు ఇచ్చినంత మాత్రాన సామాన్లు బయట పడేయడం, తాళం వేసేయడం కుదరదు, దానికి కోర్టు ఆర్డర్ కావాలి. అలా బలవంతంగా గెంటేస్తే ఆరు నెలల్లోపు కేసు వేసి మళ్లీ ఇల్లు తీసుకోవచ్చు.

నా మాట అడిగితే మాత్రం, చెల్లీ, రెండూ ఒకేసారి మొదలుపెట్టు, ఇటు రాత, అటు ఇల్లు వెతకడం. ఆ స్లాబ్ ఒక గదితో ఆగేది కాదని నా భయం, పైన లీకు ఉన్న ప్రతి చోటా ఇదే జరుగుతుంది. స్కూల్‌కి ఆటో ఖర్చు పెరిగినా పర్లేదు. వెళ్లేటప్పుడు నువ్వూ 15 రోజుల ముందు రాసే నోటీసివ్వు, ఖాళీ చేసే రోజు ప్రతి గదీ వీడియో తియ్యి, ఊడిన స్లాబ్‌కీ పెయింటింగ్‌కీ కలిపి అడ్వాన్స్ కోస్తానంటే ఈ మెసేజ్‌లూ రసీదులూ చూపించు. కొత్త ఇల్లు చూసేటప్పుడు కొత్తగా పెయింట్ వేసిన సీలింగ్ మూలల్లో పసుపు మరకలున్నాయేమో చూడు, పై బాత్రూం ఎక్కడుందో అడుగు, మీటర్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూశాకే అడ్వాన్స్ ఇవ్వు.

ప్రశ్న: మాది కూకట్‌పల్లి, గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం. గేటు లోపల నీళ్ల సంపు మూత విరిగిపోయి రెండు నెలలైంది, ప్లైవుడ్ ముక్క కప్పారు. మా పాపకి మూడేళ్లు. ఓనర్ అమెరికాలో ఉంటారు, వాచ్‌మన్‌ని అడిగితే సార్‌కి చెప్పండి అంటాడు, సార్ మెసేజ్ చూసి ఊరుకుంటున్నారు.

జవాబు: సార్ జవాబు కోసం ఇంకొక్క రోజు కూడా ఆగకండి. తడిసిన ప్లైవుడ్ మెత్తబడిపోయి ఉంటుంది, పిల్ల బరువుకే విరుగుతుంది, సంపులో పడ్డ పిల్లల అరుపు పైకి వినపడదు. ఈరోజే వెల్డింగ్ షాపు అతన్ని పిలిచి కొలత ఇచ్చి ఇనుప మూత చేయించండి, ఒక వైపు బందులు, ఇంకో వైపు తాళం ఉండేలా. మూత వచ్చేదాకా దాని మీద ఇద్దరు మోస్తే గానీ కదలని బండ వేయించి, పాపని ఆ వైపు ఒక్కదాన్నే వదలకండి. ఖర్చు ఎంతో ఓనర్‌కి ముందే మెసేజ్ పెట్టండి, పాత మూత ఫోటో, కొత్త మూత ఫోటో, బిల్లు కూడా పంపి వచ్చే నెల కిరాయిలో తగ్గిస్తున్నామని రాయండి, మూడేళ్ల పాప ఉన్న ఇంటికి సంపు మూత వేయించారని మీతో పేచీ పెట్టుకునే మనిషి ఉంటాడని నేననుకోను. వాచ్‌మన్‌కి ఇంకో మాట చెప్పండి, సంపు కడగడానికి ఒంటరిగా దిగొద్దని, మూసి ఉన్న సంపులో గాలి ఆడదు, లోపల ఒకరు పడిపోతే వెనకాలే ఇంకొకరు దిగితే ఇద్దరి ప్రాణాలకీ ప్రమాదం. తాళంచెవి మీ గుమ్మం పక్కన, పాపకి అందని ఎత్తులో మేకుకి తగిలించండి.