సాలార్‌జంగ్ మ్యూజియం వీల్‌చైర్‌లో చూడొచ్చా?

మోకాళ్ళ ఆపరేషన్ తర్వాత మీ అమ్మగారు ఎక్కువ నడవలేకపోతున్నారని, వీల్‌చైర్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం చూపించడం కుదురుతుందా అని అడిగారు. టెన్షన్ పడకుండా తీసుకెళ్ళండి. పక్షవాతం వచ్చాక మా నాన్నగారికి నేను అలాగే చూపించాను.

ఇప్పుడున్న భవనంలోకి మ్యూజియం 1968లో మారింది. గదులు విశాలంగా ఉంటాయి, పైకి వెళ్ళడానికి లిఫ్ట్ ఉంది. చార్మినార్ పైకి 149 ఇరుకు మెట్లు, గోల్కొండ బాలాహిస్సార్‌కైతే 360 దాకా. వాటితో పోలిస్తే ఇది ఎంతో నయం.

అలాగని అన్ని గ్యాలరీలూ చుట్టేద్దామనుకోకండి. కుర్చీలో కూర్చున్నవాళ్ళకీ నడుం పట్టేస్తుంది.

మ్యూజికల్ క్లాక్ దగ్గరికి మాత్రం గంట కొట్టడానికి పావుగంట ముందే చేరుకోండి. టైమయ్యేసరికి జనం మూగి ఫోన్లు పైకెత్తుతారు, కూర్చున్నవాళ్ళకి ఎదుటివాళ్ళ వీపులే కనిపిస్తాయి. మధ్యాహ్నం 12కి పన్నెండు దెబ్బలు వినాలని ఇంకా ఎక్కువ మంది వస్తారు, అందుకే 11 గంటలకు కొట్టేది చూస్తే మేలు. గడియారంలోంచి గడ్డం బొమ్మ వచ్చి గంట కొట్టి వెళ్ళిపోగానే అందరూ కదిలిపోతారు. మీరు ఆగండి. అందులోనే సెకనుకో దెబ్బ వేసే కమ్మరి బొమ్మ పని చేస్తూనే ఉంటుంది. నాన్నగారు అన్నిటికన్నా ఎక్కువసేపు చూసింది దాన్నే.

బెంజోనీ అనే శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ ముసుగు రెబెక్కా తల కాస్త వంచుకుని ఉంటుంది. నిలబడి చూసేవాళ్ళకన్నా కింద కూర్చున్నవాళ్ళకే ఆ పలచటి ముసుగు వెనక ముఖం బాగా తెలుస్తుందని నాకనిపించింది. ముందువైపు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనకవైపు మార్గరెట్టా అనే అమ్మాయి ఉన్న కొయ్యబొమ్మ దగ్గర కుర్చీని కొంచెం పక్కకి తిప్పండి, వెనక అద్దంలో అమ్మాయి రూపం కనబడేదాకా.

ఇంకో ఊళ్ళో ఒక మ్యూజియం గుమ్మం దగ్గర, "ఆయన లోపలికొచ్చి ఏం చూస్తారు, ఇక్కడే కూర్చోబెట్టండి" అన్నారు, నాన్నగారు వింటుండగానే. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అలాంటిది ఎదురైతే తగ్గకండి. అందరికీ తెరిచిన భవనంలోకి వెళ్ళడం అమ్మగారి హక్కని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. ఎవరైనా ఆవిడ గురించి మిమ్మల్ని అడిగితే, "అమ్మనే అడగండి" అనండి.

శుక్రవారం సెలవు. ఆదివారం వద్దు, మామూలు రోజు ఉదయం వెళ్ళండి. అక్కడ వీల్‌చైర్ అడిగితే ఇస్తారు కానీ, ఆవిడకు అలవాటైన కుర్చీ ఉంటే అదే మంచిది. బయల్దేరే ముందు ఫోన్ చేసి ఆ రోజు లిఫ్ట్ నడుస్తోందో లేదో కనుక్కోండి.