బిట్‌కాయిన్ రెట్టింపు దాటినా నాకెందుకు నష్టం?

2024లో బిట్‌కాయిన్ అనే క్రిప్టో కరెన్సీ ధర రెట్టింపు దాటింది, తిరుపతిలో కూర్చుని ఏడాదంతా ట్రేడ్ చేసిన నాకు మాత్రం నష్టమే, డేటా తప్పా అని మీరు అడిగారు. డేటా తప్పు కాదు. ఆ లెక్క జనవరిలో కొని డిసెంబరు దాకా కదలకుండా ఉన్నవాళ్లది, మీరేమో మధ్యలో ఎక్కి దిగుతూ ఉన్నారు. మదనపల్లె యార్డులో టమాటా టాప్ రేటు పేపర్లో పడుతుంది, అది ప్రతి రైతు చేతికీ వస్తుందా? పైగా మన దగ్గర క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, ఒక క్రిప్టో కాయిన్‌లో నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకోనివ్వరు (చాలామందికి ఇది ఐటీ రిటర్న్ వేసేటప్పుడే తెలుస్తుంది), అమ్మకాలపై 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) వేరే, అది తర్వాత సర్దుకోవచ్చనుకోండి, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. ముందు మీ ట్రేడ్‌ల స్టేట్‌మెంట్ మొత్తం దించుకుని ఫీజులు, పన్ను పోను ఏం మిగిలిందో చూడండి, అదే డబ్బుతో మొదటి రోజే కొని ఊరుకుని ఉంటే ఎంతయ్యేదో పక్కన రాయండి.