భాషా టీచర్ల కోసం లైబ్రరీ పెట్టబోతున్న అమ్మణ్ణికి

అమ్మణ్ణీ,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. కాలేజీవాళ్లు హాలు ఇచ్చారు. భాషలు నేర్పేవాళ్లకూ, నేర్చుకునేవాళ్లకూ ఒక రిఫరెన్స్ లైబ్రరీ పెట్టమన్నారు. మార్చిలోగా బిల్లులు పెట్టాలన్నారు. ఆ టెన్షన్‌లో నువ్వు పబ్లిషర్ల కేటలాగులు ముందేసుకుని కూర్చున్నావు. వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టు.

ముందు టీచర్లను కలువు. తిరుపతిలో ఉన్నవాళ్లనే కాదు, చంద్రగిరి, పుత్తూరు, నగరి వైపు బళ్లలో పనిచేసేవాళ్లను కూడా. "ఏ పుస్తకాలు తెప్పించమంటారు?" అని అడగొద్దు, మొహమాటానికి ఏదో ఒక పేరు చెప్పి పంపిస్తారు. "పోయిన వారం క్లాసులో ఎక్కడ ఇబ్బంది పడ్డారు?" అని అడుగు. అప్పుడు నోరు విప్పుతారు.

నగరి టీచరు ఏం చెప్తారో నేను ఇప్పుడే చెప్పగలను. తమిళ బడిలో ఐదో తరగతి దాకా చదివి తెలుగు మీడియానికి వచ్చిన పిల్లాడు 'భ' రాయాల్సిన చోట 'బ' రాస్తాడు, 'ఖ'కు బదులు 'క' రాస్తాడు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అది తెలియని టీచరు పిల్లాడికి శ్రద్ధ లేదనుకుని ఇంపోజిషన్ ఇస్తాడు. తెలిసినాయన వేరే అభ్యాసం ఇస్తాడు. ఆ టీచరు మీ హాల్లోకి వచ్చిన పది నిమిషాల్లో ఆ సంగతి ఉన్న పేజీ చేతికందాలి. నువ్వు పెట్టబోయే లైబ్రరీకి ఇదే పరీక్ష అనుకో.

మామూలు వర్గీకరణ మీద ఆధారపడితే అది జరగదు. పుస్తకాలకు విషయం వారీగా నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో తెలుగు భాష 494.827 దగ్గర ఉంటుంది, ఇంగ్లీషు 420ల్లో, అనువర్తిత భాషాశాస్త్రం 418లో, చిన్న తరగతులకు భాష నేర్పే పద్ధతులు 372.6లో. ఒకే సమస్యకు సంబంధించిన సరుకంతా హాలు నాలుగు మూలలా పడి ఉంటుంది. నంబర్లు మార్చమని కాదు, అవి ఉండనీ. దానికి తోడు సమస్యల వారీగా కార్డులు రాయి. కార్డు పైన 'తమిళం నుంచి వచ్చిన పిల్లలకు ఖ, ఘ, భ లాంటి ఒత్తక్షరాలు' అని, కింద పుస్తకం పేరు, అధ్యాయం, పేజీ. పత్రికల్లో వచ్చిన వ్యాసాలకూ ఇట్లాగే. ఇది నెమ్మదైన పని, బయటికి కనపడదు, ప్రిన్సిపాల్‌కు ఫొటో తీసి చూపించేందుకు కూడా ఏమీ ఉండదు. అయినా నీ టైములో సగం దీనికే పెట్టు. తర్వాత కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకోవచ్చు, అది ఉచితమే.

ఇక కొనేవాటి సంగతి. ఊళ్లో ఉన్నవాటితో పోటీ పడొద్దు. తాళపత్రాలు కావాలంటే 1939లో దేవస్థానం మొదలుపెట్టిన ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, ఇప్పుడది ఎస్వీ యూనివర్సిటీలో భాగం. సంస్కృతానికి సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. ద్రావిడ భాషలను పోల్చి చూసే పరిశోధనకు కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఎక్కడ ఏముందో, ఎవరిని అడగాలో రాసి గోడకు అంటించు, చాలు.

తెలుగుకు బ్రౌన్ 1852 నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం ఎలాగూ పెడతావు. అక్కడితో ఆగితే పాత తెలుగుకే పరిమితమైనట్టు. ఇప్పటి తెలుగుకు గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, భద్రిరాజు కృష్ణమూర్తితో కలిసి ఆయన రాసిన 1985 వ్యాకరణం తప్పకుండా ఉండాలి. తెలుగు రానివాళ్లు దేన్ని చూసి తికమకపడతారో మనకు తెలిసేది అట్లాంటి పుస్తకాల్లోనే. మాండలిక వృత్తి పదకోశం సంపుటాలు ఎన్ని దొరికితే అన్ని కొను. ఇంగ్లీషుకు లావుపాటి నిఘంటువు ఒక్కటి కాకుండా, నేర్చుకునేవాళ్ల కోసం రాసినవి రెండు మూడు పక్కపక్కన పెట్టు. లాంగ్‌మన్ వాళ్లది చూడు, దాదాపు 2,000 తేలిక మాటల్లోనే అన్ని అర్థాలూ చెప్తుంది. బోధన పద్ధతుల్లో ఎన్.ఎస్. ప్రభు పుస్తకం మరిచిపోవద్దు. 1979 నుంచి కొన్నేళ్లపాటు బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బళ్లలో ఇంగ్లీషు నేర్పి చూసిన పని అది. లండన్ నుంచి వచ్చే రంగురంగుల పుస్తకాల కంటే మన యాభైమంది పిల్లల క్లాసుకు అదే దగ్గర.

డబ్బు పెట్టినా దొరకనిది ఒకటుంది. పాత వాచకాలు. సిలబస్ మారిన ప్రతిసారీ కిలోల లెక్కన పాత పేపర్లవాడికి వేసేస్తారు. పెద్ద లైబ్రరీలు వాటిని పుస్తకాలుగానే లెక్కపెట్టవు. కానీ ఒక పాఠాన్ని ముప్పై ఏళ్లలో ఎన్ని రకాలుగా చెప్పారో చూడాలంటే వేరే దారి లేదు. వాచకాలు, టీచర్ల కరదీపికలు, వర్క్‌బుక్కులు, ప్రశ్నపత్రాలు, మన జిల్లాలో వాడిన తమిళ, ఉర్దూ మీడియం పుస్తకాలు, ఏవీ వదలొద్దు. రిటైరైన టీచర్ల అటకలే నీకు దిక్కు. పేజీలు చిరిగినా తీసుకో. నవంబరు వానలకు ముందే అన్నీ ఎండబెట్టి, కింది అరలు ఖాళీగా వదిలెయ్యి, చెద ముందు అక్కడికే వస్తుంది.

మాట్లాడకూడదు అనే బోర్డు మాత్రం పెట్టొద్దు. భాష నేర్చుకునేవాళ్లు పైకి చదవాలి. జర్మనీ ఉద్యోగాల కోసం జర్మన్ నేర్చుకునే నర్సమ్మాయిలు వస్తారు, ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్న వాక్యాన్ని పైకి అని చూసుకోవడానికి వాళ్లకు తలుపున్న చిన్న గది ఒకటి కావాలి.

రిఫరెన్స్ పుస్తకం బయటికి ఇవ్వకపోవడం సరే. అయితే జిరాక్స్ ఇవ్వాలి. బోధన అవసరానికి కాపీ తీసుకోవడాన్ని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది, 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా అదే చెప్పింది. పుస్తకం మొత్తం జిరాక్స్ తీసుకుంటామంటే మాత్రం వద్దను. టైము పది నుంచి ఐదు అన్నారట! టీచర్లు బళ్లో ఉండే టైము అదే కదా. ఆదివారం తెరిచి సోమవారం మూసుకునేలా అనుమతి అడుగు, మిగతా రోజుల్లో ఏడున్నర దాకా. ఇంకో మాట, మొదటి మీటింగ్ గరుడ సేవ రోజు పెట్టొద్దు. బస్సులన్నీ కొండకే పోతాయి, ఒక్కరూ రారు.

బ్రిటన్‌లో భాషా బోధన సమాచారం కోసం సిల్ట్ అని ఒక కేంద్రం 1966లో పెట్టారు, మంచి గ్రంథాలయం ఉండేది. 2011లో ప్రభుత్వం డబ్బు ఆపేసరికి విడి సంస్థగా మిగల్లేదు. నీ కార్డులు ఇంకోచోట కూడా ఒక కాపీ ఉంచమనేది అందుకే. ప్రతి నెలా స్కాన్ చేసి నాకు పంపు, నా దగ్గర ఉంటాయి.

మీ పెద్దమ్మ బీరువా కింద రెండు ట్రంకు పెట్టెల వాచకాలున్నాయి. ఆదివారం ఆటో మాట్లాడుకుని రా. నడుం నొప్పి, నేను ఎత్తలేను, ఇంకొకరిని తోడు తెచ్చుకో.

మీ పెదనాయన