బిస్మార్క్ వద్దు, డ్రెడ్‌నాట్ రాయించండి

మీ అబ్బాయి ప్రాజెక్టుకు చరిత్రను మార్చిన యుద్ధనౌక ఒక్కటే కావాలి, జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్ సరిపోతుందా అని అడిగారు కదండీ. టెన్షన్ వద్దు, డ్రెడ్‌నాట్ తీసుకోండి. బిస్మార్క్ పేరు పెద్దదే కానీ, 1941 మేలో బయల్దేరిన తొలి యుద్ధయాత్రలోనే మునిగిపోయింది.

1906లో బ్రిటన్ నౌకాదళంలో చేరిన డ్రెడ్‌నాట్ కథ వేరు. అప్పటి యుద్ధనౌకలకు 12 అంగుళాల (గొట్టం లోపలి వెడల్పు) ఫిరంగులు మామూలుగా నాలుగే ఉండేవి, మిగతావి చిన్నవి. దీనికి అవి ఏకంగా పది! అన్నీ ఒకే సైజు కాబట్టి, గుండ్లు పడ్డచోట ఎగసే నీటిని చూసి గురి సరిచేసుకోవడం తేలికైంది. పైగా ఆవిరి టర్బైన్లతో 21 నాట్ల (గంటకు దాదాపు 39 కి.మీ.) వేగం. దాంతో బ్రిటన్ సొంత నౌకలే పాతబడిపోయాయి, జర్మనీతో పోటీ ముదిరింది. తర్వాత వచ్చిన ఆ తరహా నౌకలన్నిటినీ డ్రెడ్‌నాట్లనే పిలిచారు.

ఇదొక్కటి తప్పక రాయించండి: ఇన్ని ఫిరంగుల నౌక 1915లో జర్మన్ సబ్‌మెరీన్ యు-29ను ముంచింది ఫిరంగులతో కాదు, ఢీకొట్టి!

సబ్‌మెరీన్ కూడా అడిగితే అమెరికా అణు సబ్‌మెరీన్ నాటిలస్ రాయించండి. 1958లో మంచు కిందుగా ఉత్తర ధ్రువం దాటింది. విశాఖ వెళ్లే వీలుంటే ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంచిన సబ్‌మెరీన్ కురుసుర లోపలికి తీసుకెళ్లండి. అది డీజిల్‌ది, బ్యాటరీలను ఛార్జ్ చేసే ఇంజిన్‌కు గాలి కావాలి. నాటిలస్‌కు ఆ అవసరం లేదు. తేడా బాబుకు అక్కడే అర్థమవుతుంది.