ఇంగ్లీష్ లిటరేచర్ చదివితే ఉద్యోగం ఎట్లొస్తది?

నర్సంపేట నుంచి ఒక తండ్రి రాశారు. బిడ్డకు ఇంటర్ ఎంపీసీలో 940 మార్కులు. ఇంజనీరింగ్ వద్దు, డిగ్రీలో ఇంగ్లీష్ లిటరేచరే తీసుకుంటానని మొండికేసిందట. "మాట్లాడనీకి పనికొస్తది గానీ, దాంతోటి ఉద్యోగం ఎట్లొస్తది సార్?" అని అడిగారు.

అన్నా, ఇది మాట్లాడటం నేర్పే చదువు కాదు. దానికి హన్మకొండలో ఏ స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగైనా చాలు. ఇక్కడ 400 ఏళ్ల కిందటి నాటకాలు, పద్యాలు చదవాలి. ఇట్లెందుకు రాసిండని ఆలోచించాలి, పేజీలకు పేజీలు రాయాలి. ఇంగ్లీష్ గడగడా వస్తుందని చేరిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే డీలా పడటం నేను చూశాను.

అందుకే మార్కుల మెమో పక్కన పెట్టండి. ఈ ఆదివారం బిడ్డ పక్కన కూర్చొని, తను చదువుతున్న ఇంగ్లీష్ పుస్తకంలో ఒక్క పేజీ మీకు తెలుగులో చెప్పమనండి. తెలియని మాట వస్తే దాటేస్తుందా, ఆగి వెతుకుతుందా చూడండి. నా దగ్గరకొచ్చిన ఒక అమ్మాయి నోట్‌బుక్ ఇంకా కళ్లముందే ఉంది. 'లోన్లీ' అన్న మాట పక్కన పెన్సిల్‌తో 'ఒంటరి' అని రాసి కొట్టేసింది. 'దిక్కులేని' అని రాసి అదీ కొట్టేసింది. కింద చిన్నగా 'తోడు లేని' అని ఉంది. ఆ కొట్టివేతలు చూసి, చేర్పించమని వాళ్లమ్మకు ధైర్యంగా చెప్పాను.

ఇక ఉద్యోగం. తొందరగా రాదు, ఆ మాట దాచను. డిగ్రీ మూడేళ్లు, పైన ఎం.ఏ.నో బీఈడీనో రెండేళ్లు, మొత్తం ఐదేళ్లు లెక్కేసుకోండి. బీఈడీ చేస్తే ప్రభుత్వ టీచర్ల నియామకానికి జరిగే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్ పోస్టు ఉంది. ఎం.ఏ. చేస్తే జూనియర్ లెక్చరర్ పరీక్ష రాయొచ్చు. పీజీలో 55 శాతం తెచ్చుకొని లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ (దేశస్థాయి) గానీ సెట్ (రాష్ట్రస్థాయి) గానీ పాసైతే డిగ్రీ కాలేజీ దాకా దారి ఉంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగులకు నెట్‌కు 50 శాతం చాలు. కాకతీయలోనైనా ఉస్మానియాలోనైనా ఎం.ఏ. సీటుకు పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో ర్యాంకు కావాలి. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) సెంట్రల్ యూనివర్సిటీ, దాని నోటిఫికేషన్ వేరే వస్తుంది. అనువాదం, సబ్‌టైటిళ్లు, పుస్తకాల ఎడిటింగ్ పనులూ ఉన్నాయి. వాటికి తెలుగు కూడా గట్టిగా రావాలి, కాబట్టి సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు వదలొద్దని చెప్పండి.

చాలామంది దెబ్బతినేది ఒక్కచోట. డిగ్రీలో అందరికీ ఉండే జనరల్ ఇంగ్లీష్ వేరు, ఆప్షనల్‌గా, అంటే గ్రూపులో ఒక ప్రధాన సబ్జెక్టుగా తీసుకునే ఇంగ్లీష్ లిటరేచర్ వేరు. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీలో ఇంగ్లీష్ ఆప్షనల్‌గా ఉండాలి, లేదంటే ఇంగ్లీష్‌లో పీజీ ఉండాలి. బీఈడీలో మెథడాలజీ (పాఠం చెప్పే పద్ధతి నేర్చుకునే సబ్జెక్టు) కూడా ఇంగ్లీషే ఉండాలి. బీఏ అని కనపడగానే, డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో అప్లై చేసే దోస్త్‌లో ఆప్షన్ పెట్టేయకండి. ఆ గ్రూపులో మూడు సబ్జెక్టులేంటో చదివి, కాలేజీకి పోయి ఆ సబ్జెక్టు చెప్పే లెక్చరర్ ఉన్నారా అని అడిగి రండి. బస్సు చార్జీలకు వెనకాడకండి, మూడేళ్ల చదువు ఇది.

ఆదివారం పేజీ సంగతి మరువకండి. బిడ్డ ఎట్లా చెప్పిందో నాకు రాయండి.