అరిహంత్‌లో ఉన్నది హంతకుడా, అర్హుడా?

సందేహం: 2009లో వైజాగ్‌లో ప్రారంభమైన న్యూక్లియర్ సబ్‌మెరైన్ అరిహంత్ పేరుకి 'శత్రువుల్ని చంపేది' అని అర్థం రాస్తుంటారు, మా జైన ఫ్రెండేమో అది 'పూజ్యుడు' అనే మాట అంటాడు. ఎవరు రైటు? తెలుగులో అరిహంత అని రాయొద్దా?

సమాధానం: ఇద్దరూ రైటేనండి, కాకపోతే మీ ఫ్రెండ్ చెప్పింది ముందు పుట్టిన అర్థం. సంస్కృతంలో అర్హ్ అనే ధాతువుంది, మన అర్హత, అర్హుడు దాంట్లోంచి వచ్చినవే, అదే ధాతువు నుంచి వచ్చిన అర్హంత్ అనే మాటకి ప్రాకృతంలో ర, హ మధ్య ఒక ఇకారం దూరి అరిహంత అయింది, మనకి శ్రీ కాస్తా సిరి అయినట్టే. జైనుల మంత్రంలో 'ణమో అరిహంతాణం' అంటారే, అదీ. తీరా ఇకారం వచ్చాక మాట అచ్చం అరి + హంత లాగా కనపడటం మొదలైంది (అరి అంటే శత్రువు, మురారిలో, అరిషడ్వర్గంలో ఉన్నది అదే), దాంతో జైన వ్యాఖ్యాతలే లోపలి శత్రువుల్ని చంపినవాడు అని ఇంకో అర్థం కూడా చెప్పుకున్నారు. నేవీకి పనికొచ్చింది ఈ రెండోది, శత్రువు మాత్రం బయటికొచ్చాడు! అహింసని అంత గట్టిగా పట్టుకున్నవాళ్ల మాట మిసైళ్లు మోసేదానికి పేరవడం నాకైతే భలే తమాషాగా ఉంటుంది.

ఇక స్పెల్లింగ్. కర్తృ తెలుగులో కర్త, దాతృ దాత అయినట్టు హంతృ హంత అవుతుంది, కాబట్టి అర్థం విడమరిచేటప్పుడు అరిహంత అనండి. బోటు పేరు మాత్రం హిందీలో చివరి అకారం మింగేసి పలికే పేరు, పెట్టినవాళ్లు ఎలా పిలిస్తే అలాగే అరిహంత్ అని రాయాలి. 2024 ఆగస్టులో నేవీలో చేరిన ఇంకో న్యూక్లియర్ సబ్‌మెరైన్ అరిఘాత్‌కీ అంతే, అందులో ఘాత్ మన ఆఘాతం, విఘాతంలో ఉన్నదే.

అడగని మాట ఒకటి చెప్తా, ఏమనుకోకండి. 'ప్రారంభమైన' అన్నారు చూశారా, అది కుదరదు. 2009 జూలై 26న కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించారు, దాన్ని జలప్రవేశం అనాలి. అప్పటికి రియాక్టర్ కూడా రాజుకోలేదు, అది 2013 ఆగస్టులో, ఆ తర్వాత సముద్రంలో ట్రయల్స్, చడీచప్పుడు లేకుండా నేవీలో చేరింది 2016లో. ఉత్త 'ప్రారంభం' అంటే చదివేవాడు ఆ కొబ్బరికాయ కొట్టిన రోజే డ్యూటీ ఎక్కిందనుకుంటాడు.